పదకొండో శబ్దం

కాలవగట్ల పరిరక్షణ మండలి ఉద్యోగులు రైతులు చెప్పేది వినిపించుకోరని ఏటా నాలుగు వందల ఫిర్యాదులు వచ్చేవి. మండలి పుట్టిన నాటినుంచీ వస్తున్నవే కనుక వాటిని ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఆ ఏడు కొత్తగా వచ్చిన ప్రధాన సంచాలకులవారు మాత్రం చురుకైన మనిషి. ఫిర్యాదులన్నీ కట్టగట్టి ముందేసుకుని, ఒక సంఘాన్ని నియమించి, దాని కింద రెండు ఉపసంఘాలు వేసి, ఆర్నెల్లు తిరక్కుండా రోగం ఎక్కడుందో కనిపెట్టేశారు. ఉద్యోగులు వినకపోవడానికి కారణం వినే అలవాటు తప్పిపోవడం. అలవాటు తప్పడానికి కారణం ఇళ్ళలో వినదగ్గ సాధనం లేకపోవడం. ప్రతి ఇంట్లో ఒక జత మంచి స్పీకర్లుంటే, సాయంత్రాలు శ్రద్ధగా విని విని, పొద్దున ఆఫీసుకొచ్చి రైతుల మాట కూడా అదే ఊపులో వినేస్తారు.

ఆ విధంగా 'శ్రవణ సౌభాగ్య పథకం' పుట్టింది. అందుబాటు ధరలో నేలమీద నిలబడే టవర్ స్పీకర్లు ఒక జత, వాటిని మోగించే పెట్టె ఒకటి. సంగీతానికీ పనికొస్తాయి, హోమ్ థియేటర్‌కీ పనికొస్తాయి. సర్క్యులర్‌లో వాటికి 'నిలువు ధ్వని పేటికలు' అని నామకరణం చేశారు. కావలసినవారు దరఖాస్తు చేసుకోవచ్చు, బలవంతం ఏమీ లేదు. చేసుకోనివారు ఎందుకు చేసుకోలేదో మూడు ప్రతుల్లో రాసివ్వాలి.

తణుకు డివిజన్ ఆఫీసులో అందరికంటే ముందు దరఖాస్తు పెట్టినవాడు సీనియర్ అసిస్టెంట్ అడబాల గవర్రాజు. ఆఫీసంతా ముక్కున వేలేసుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో గవర్రాజు దేనికీ ముందుకు ఉరికిన మనిషి కాదు. టీ తాగడానికి కూడా నలుగురూ లేచాకే లేస్తాడు. అలాంటివాడు సర్క్యులర్ తడి ఆరకముందే సంతకం పెట్టాడంటే ఏదో ఉందనుకున్నారు. ఉంది. అది గవర్రాజు చొక్కా జేబులో, కాగితంలో చుట్టిన పెన్‌డ్రైవ్‌లో ఉంది.

గవర్రాజు భార్య మంగతాయారు పెళ్ళికి ముందు పాడేది. పద్దెనిమిదో ఏట రేడియోలో కూడా పాడింది. పెళ్ళయిన కొత్తలో ఓ పొద్దుట పప్పు తాలింపు వేస్తూ గొంతెత్తి పాడుతుంటే, పేపరు చదువుకుంటున్న గవర్రాజు తలెత్తకుండానే, "కాస్త నెమ్మదే, పక్కవాళ్ళు వింటారు" అన్నాడు. కోపంగా అనలేదు, మామూలుగానే అన్నాడు. ఒక్కసారే అన్నాడు. మంగతాయారుకి ఆ ఒక్కసారి సరిపోయింది. ఆమె మళ్ళీ పాడలేదు, అలగనూ లేదు. ఆ తర్వాత ఎన్నేళ్ళకో ఒక పెళ్ళిలో ఆమె చిన్ననాటి స్నేహితురాలు ఎదురై, "మా తాయారు ఇంకా పాడుతోందా అన్నయ్యగారూ?" అని గవర్రాజుని అడిగింది. ఇంట్లో పాట ఆగిపోయి ఇన్నేళ్ళయిందని అతనికి ఆ క్షణానే తెలిసింది. తెలిశాక అన్నం సయించలేదు.

ఈ మధ్య అత్తిలిలో బావమరిది ఇంటి అటక దులుపుతుంటే ఆ రేడియో పాట క్యాసెట్టు దొరికింది. గవర్రాజు ఎవరికీ చెప్పకుండా తణుకు తెచ్చి, పాత క్యాసెట్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే కొట్లో ఇచ్చాడు. పాట ఫోన్లో వింటే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంది.

"ఫోన్లో ఏం తెలుత్తాదండి," అన్నాడు కొట్టాయన. "పెద్ద స్పీకర్లుండాలండి. అప్పుడు సూడండి, మడిసి ఎదురుగా కూకుని పాడినట్టే ఉంటది."

మంగతాయారుని కుర్చీలో కూర్చోబెట్టి, ఆ పాట వినిపించి, ఇరవై ఆరేళ్ళ కిందట అనవలసిన మాట ఇప్పుడైనా అనాలని గవర్రాజు నిశ్చయించుకున్నాడు. స్పీకర్లు అందుకు కావాలి.

స్పీకర్లు వచ్చాయి. నడుమెత్తున, నల్లగా, హాల్లో టీవీకి అటొకటీ ఇటొకటీ నిలబడ్డాయి.

"ఎవరో ఇద్దరు చుట్టాలొచ్చి కూర్చోమనేదాకా నిలబడ్డట్టున్నారండీ," అంది మంగతాయారు.

గవర్రాజు జేబులో చెయ్యి పెట్టాడు. సరిగ్గా అప్పుడే సూపరింటెండెంట్ సుదర్శనం గారు లక్కముద్ర సామగ్రితో గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. సుదర్శనం గారికి సర్క్యులర్లంటే ప్రాణం. అన్నం ముందు కూడా ఆయన ఒక పేరా మననం చేసుకుంటారని ఆఫీసులో అనుకుంటారు.

"పద్నాలుగో నిబంధన చదవలేదా గవర్రాజూ? కొత్త పేటికలు పచ్చిగా ఉండును. వంద గంటలు మోగిన పిదప గాని పక్వమునకు రావు. అంతవరకూ మండలివారు ఆమోదించిన పదకొండు శబ్దములు తప్ప సొంత శబ్దములు వాయించరాదు. వాయించిన ఎడల పేటికలు స్వాధీనము చేసుకొని, సర్వీసు పుస్తకములో 'శ్రవణ అపచారము' అని నమోదు చేయబడును."

ఆయన మండలి ఇచ్చిన పెన్‌డ్రైవ్‌ను పెట్టెలో గుచ్చి, దానిమీద లక్క కరిగించి, ముద్ర వేసి, ఊది ఆరబెట్టి వెళ్ళిపోయారు. గవర్రాజు జేబులోంచి ఖాళీ చెయ్యి బయటికి తీశాడు.

పదకొండు శబ్దాలు ఇవి. హెలికాప్టర్, ఉరుము, వాన, గుర్రాల పరుగు, గాజు పగలడం, రైలు, తుపాకీ, పులి, మృదంగం, వేణువు, చివరగా స్త్రీ కంఠం. స్త్రీ కంఠం పాడదు, "ఒకటి, రెండు, మూడు" అని అంకెలు చెబుతుంది. వంద గంటలూ ఇవే తిప్పి తిప్పి మోగించి, పుస్తకంలో గంట గంటకీ అనుభవం రాయాలి. పగలు గవర్రాజు ఆఫీసులో ఉంటాడు కనుక, ఆ పని చెయ్యడానికి మంగతాయారుని 'ప్రతినిధి శ్రోత'గా నియమిస్తూ ఉత్తర్వు వచ్చింది. ఆమె ఒక పక్క కూర తరుగుతూ, మరో పక్క పుస్తకం నింపుతూ వచ్చింది.

'పది గంటలకు హెలికాప్టర్ వచ్చింది. దిగలేదు. పదకొండుకి గుర్రాలు వెళ్ళాయి. ఎక్కడికో చెప్పలేదు. పన్నెండుకి వాన. ఎదురింటి పార్వతమ్మ గారు మేడెక్కి బట్టలు తీసేసుకున్నారు, తర్వాత నన్ను తిట్టారు. ఒంటిగంటకు పులి. స్టీలు గిన్నెలు అరలోంచి రెండు కింద పడ్డాయి. పులి బాగుంది.'

వారం తిరక్కుండా ప్రధాన కార్యాలయం నుంచి మెమో వచ్చింది. 'హెలికాప్టర్ వచ్చినట్లును, దిగనట్లును ప్రతినిధి శ్రోత నమోదు చేసియున్నారు. దిగకపోవుటకు గల కారణములు మూడు దినములలో తెలుపవలెను.'

గవర్రాజు రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు జవాబు రాశాడు: 'మా హాలు పొడవు తొమ్మిది అడుగులు మాత్రమే అయినందున హెలికాప్టర్ దిగుటకు వీలుపడలేదని సవినయముగా మనవి.' సర్వీసు పోయిందనుకున్నాడు. పోలేదు. 'సంజాయిషీ సంతృప్తికరము' అని తిరుగు టపాలో జవాబొచ్చింది. దానికింద చిన్న గీత గీసి, 'హాలు కొలతలు వెంటనే తీయించవలెను' అని ఉంది. ఆ గీత సంగతి తర్వాత.

ఈలోగా పథకంలో పేటికలు తీసుకున్న మిగతా యజమానులు కూడా తమ తమ అనుభవ నివేదికలు పంపారు. సినిమాలో బాంబు పేలినప్పుడు అత్తగారు మంచం కింద దూరి, మూడు రోజులు మాట్లాడలేదని డ్రాఫ్ట్స్‌మన్ రాశాడు. ఒకావిడ ఎడమ పేటిక మీద మనీప్లాంట్ పెట్టాక పాటలు చల్లగా వస్తున్నాయని రాసింది. ఇవన్నీ బాగానే ఆమోదం పొందాయి. ఎకౌంట్స్‌లో పంపన సోమేశం ఒక్కడు మాత్రం, 'బాగున్నాయి' అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టాడు. నిజానికి అతనికి చాలా బాగున్నాయి. అతని మీద అభియోగ పత్రం వచ్చింది. 'బాగున్నాయి అనగా ఏమి? ఎచ్చట? ఎంత? ఎవరికంటె?' అని నాలుగు ప్రశ్నలు వేసి, ఒక ఇంక్రిమెంటు ఆపారు.

ఇకమీదట ఇలాంటి అజాగ్రత్త జరక్కుండా ఆమోదిత పదాల పట్టిక ఒకటి విడుదలైంది. యజమానులు ఆ పదాల్లోనే అనుభవించాలి. లోతు, వెచ్చదనం, కరుకు, గాలి ఆడుట, అడుగు స్థాయి బిగువు, పై స్థాయి మెరుపు, రంగస్థల వైశాల్యం. ఉద్యోగులు సంతకెళ్ళినా, పెళ్ళికెళ్ళినా పట్టిక వదల్లేదు. పరీక్షలు దగ్గర పడుతున్నాయన్నట్టు బల్ల కింద పెట్టుకుని బట్టీ పట్టారు. కొద్దిరోజులకి ఆ భాష ఫైళ్ళలోకి కూడా పాకింది. 'సదరు గండి లోతు మెచ్చదగినది, అంచులలో స్పష్టత తక్కువ' అని ఒక ఇంజనీరు రాస్తే, 'రంగస్థల వైశాల్యమును గూర్చి కూడా వ్రాయవలెను' అని పైఆఫీసరు తిప్పి పంపాడు.

అలాంటి రోజుల్లో పితాని సూర్నారాయణ అనే రైతు తడి పంచెతో ఆఫీసుకొచ్చాడు.

"గట్టు జారిపోతందండి బాబూ. ఎడం పక్క పది బారలు అప్పుడే కూలిపోయిందండి. ఆయ్, తమరొకసారి వచ్చి చూత్తే..."

సుదర్శనం గారు పేనా కింద పెట్టారు. కళ్ళు మూసుకున్నారు. మొదటినుంచి చివరిదాకా, మధ్యలో ఒక్కమాట అడ్డు రాకుండా విన్నారు. గవర్రాజు తన సర్వీసులో ఆయన అలా వినడం ఎన్నడూ చూడలేదు. రైతు చెప్పడం ఆపాక ఆయన మెల్లిగా కళ్ళు తెరిచారు.

"గొంతులో లోతు ఉంది. వెచ్చదనం ఉంది. పై స్థాయిలో కొంచెం కరుకు," అని కాగితం మీద రాసుకున్నారు. "గట్టు జారి ఎన్ని గంటలైంది?"

"నిన్న పొద్దున్నుంచండి."

"అంటే ఇరవై ఆరు. వంద నిండనిదే దేనిమీదా అభిప్రాయం ఏర్పరచుకోకూడదని ముప్పై ఒకటో సర్క్యులర్. నిండాక రావయ్యా."

"వంద నిండేతలికి గట్టుండదండి. సేలూ ఉండవండి."

"ఈసారి అడుగు స్థాయి బాగా పలికింది," అన్నారు సుదర్శనం గారు మెచ్చుకోలుగా.

సూర్నారాయణ మెట్లు దిగి వెళ్ళిపోవడం గవర్రాజు చూశాడు. ఇంతమంది ఇంత శ్రద్ధగా వింటున్నారు, ఒక్కరూ వినడం లేదు. ఇరవై ఆరేళ్ళ కిందట పేపరు వెనక కూర్చున్నవాడు అతనికి గుర్తొచ్చాడు. వెంటనే లేచి, స్టోరు రూములో ఉన్న ఖాళీ గోతాలన్నీ 'ప్రతిధ్వని నివారణ సామగ్రి' అని ఇండెంటు రాసి బయటికి పంపించేశాడు. పథకం పేరు చూసి స్టోర్‌కీపర్ మారు మాట్లాడలేదు. ఆ గోతాల్లో ఇసుక నింపి రైతులే గట్టు నిలబెట్టుకున్నారు. సర్వీసులో గవర్రాజు రాసిన మొదటి అబద్ధం అది. రాశాక రెండు చపాతీలు ఎక్కువ తిన్నాడు.

ఇంక ఆ చిన్న గీత సంగతి. హాలు కొలవడానికి సర్వే పార్టీ దిగింది. గొలుసు, లెవెలు పరికరం, ఎరుపూ తెలుపూ చారల కొలకర్ర, అన్నీ తెచ్చారు. కాలవ కొలవాలన్నా, కుర్చీ కొలవాలన్నా మండలివారికి అవే సాధనాలు. రెండు పేటికలకూ మధ్య ఎంత దూరం ఉంటుందో, వినేవాడు ఒక్కో పేటికకూ అంతే దూరంలో ఉండాలని నిబంధన. అంటే సమబాహు త్రిభుజం. గోడకు మూడడుగులు ఎడం వదిలి పేటికలు జరిపి, గొలుసు లాగి చూస్తే, త్రిభుజం మూడో కొన హాల్లో పడలేదు. గడప దాటి వంటింట్లోకి పోయి, గ్రైండరు పక్కన పడింది.

"గ్రైండరు తీసేయించాలమ్మా," అన్నాడు సర్వేయరు.

"తీసేస్తే ఇడ్లీ పిండి మీ ప్రధాన సంచాలకులవారొచ్చి రుబ్బుతారా?" అంది మంగతాయారు.

ఆ ప్రశ్న సర్వేయరు పై అధికారులకు నివేదించాడు. ఇంతవరకూ జవాబు రాలేదు. కొలిచిన చోటల్లా రాయి పాతడం మండలి ఆనవాయితీ కనుక, వంటింటి గచ్చు పగలగొట్టి, గ్రైండరు పక్కనే సున్నం కొట్టిన హద్దురాయి పాతి, నల్లరంగుతో నూట పదిహేడు అని నంబరు వేసి పోయారు. మంగతాయారు ఆ రాయిని నాలుగు రోజులు తిట్టి, అయిదో రోజు నుంచి దానిమీద ఉప్పు జాడీ పెట్టుకుంది.

వందో గంట నిండిన రోజున పుస్తకంలో ఆమె ఇలా రాసింది: 'హెలికాప్టర్ ఇంకా దిగలేదు. దానికి మా మీద నమ్మకం కుదిరినట్టు లేదు.' ఆ మర్నాడే పక్వత నిర్ధారణకు తనిఖీ బృందం వస్తున్నట్టు తంతి లాంటి ఉత్తరం అందింది. పేటికలు పరీక్షలో నెగ్గితే యజమానికి సొంతం. తప్పితే ఆ బండిలోనే వెనక్కి పోతాయి.

గవర్రాజు ఆ ఉత్తరం రెండుసార్లు చదివాడు. పదకొండో శబ్దం దగ్గర చదవడం ఆపి, జేబు తడుముకున్నాడు. తనిఖీ రోజున లక్కముద్ర విప్పుతారు. బృందం సభ్యులు పక్షపాతం రాకుండా కళ్ళకు గంతలు కట్టుకుంటారు. స్త్రీ కంఠం ఏ స్త్రీదో ఎవరు చూడొచ్చారు? పది శబ్దాలు మండలివి మోగించి, పదకొండోది తనది పెట్టేస్తే సరి. పట్టుబడితే సర్వీసు పుస్తకం పాడవుతుంది. పాడవనీ అనుకున్నాడు. అలా అనుకోగలిగినందుకు తనకే ఆశ్చర్యమేసింది.

ఉదయం పదకొండు గంటలకు బృందం వచ్చింది. ముగ్గురు. నాయకులు ఉప సంచాలకులు మహీధర్ గారు, మడత నలగని మనిషి. రెండోవారు శబ్ద నిపుణులు. ఆయన ఇరవై రెండేళ్ళు ఇంజన్ షెడ్డులో పనిచేశారు, అందుచేత ఆయన్ని మించి శబ్దం విన్నవారు మండలిలో లేరు. ఆయనతో మాట్లాడాలంటే కాస్త గట్టిగా అరవాలి. మూడోవారు వీరిద్దరూ చెప్పింది రాసుకునే కార్యదర్శి.

త్రిభుజం కొన ఒక్కటే, చెవులు ఆరు. దానిమీద కొంత చర్చ జరిగి, హోదా ప్రకారం ఒకరి వెనక ఒకరు కూర్చోవాలని తీర్మానించారు. హద్దురాయి మీద ఉప్పు జాడీ తీసి, దాని పక్కనే ముక్కాలిపీట వేసి నాయకుల్ని కూర్చోబెట్టారు. వెనక నిపుణులు, ఆ వెనక గ్యాస్ సిలిండర్‌కి ఆనుకుని కార్యదర్శి. సుదర్శనం గారు లక్కముద్ర విప్పి, ముగ్గురికీ నల్లగుడ్డ గంతలు కట్టి, ఇరవై రెండో నిబంధన ప్రకారం ఫ్యానూ, ఫ్రిజ్జూ, లైట్లూ ఆపి, పరాయి చప్పుడు రాకుండా తాను వీధి అరుగు మీద కాపలా కూర్చున్నారు.

వంటింట్లోంచి తరిమేస్తే మంగతాయారు మునగాకు చాట పట్టుకుని హాల్లోకొచ్చి, రెండు స్పీకర్ల మధ్యా కింద చతికిలబడి ఆకు దూసుకుంటోంది. గవర్రాజు పెట్టె దగ్గర నిలబడ్డాడు.

హెలికాప్టర్ వచ్చింది. "లోతు ఉన్నది," అన్నారు నాయకులు. ఉరుము ఉరిమింది, వాన కురిసింది, ఎదురింటి పార్వతమ్మ గారు ఈసారి మేడెక్కలేదు. గుర్రాలు, గాజు, రైలు, తుపాకీ, పులి, మృదంగం, వేణువు అన్నీ నిర్విఘ్నంగా నడిచాయి. గవర్రాజు మండలి పెన్‌డ్రైవ్ లాగేసి, జేబులోది తీసి గుచ్చాడు.

"పదకొండవ శబ్దము, స్త్రీ కంఠము. ప్రారంభించుడు," అన్నారు నాయకులు వంటింట్లోంచి.

గవర్రాజు మీట నొక్కాడు. పెట్టె మీద పచ్చదీపం ఒకసారి మిణుకుమని ఆరిపోయింది. కరెంటు పోయింది.

కళ్ళకు గంతలు, ఆపేసిన ఫ్యాను. పోయిన సంగతి హాల్లో ఉన్న ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియలేదు.

"కరెంటు పోయిందని చెప్పండి వాళ్ళకి," అంది మంగతాయారు గుసగుసగా.

"చెప్పకూడదు. మధ్యలో ఆగితే తప్పినట్టే లెక్క. విద్యుత్ అంతరాయం యజమాని బాధ్యతట. పట్టుకుపోతారు."

"పట్టుకుపోనివ్వండీ దరిద్రం వదులుతుంది. ఆ హెలికాప్టర్‌తో నా తల తినేసింది."

"అది కాదు తాయారూ." గవర్రాజు ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఇందులో ఉన్నది నువ్వు. రేడియోలో పాడావు చూడు, ఆ క్యాసెట్టు దొరికింది. నీకు వినిపిద్దామనే ఇవి తెప్పించాను. లేకపోతే నాకెందుకు ఇవన్నీ? అప్పుడు నేను ఓ మాటన్నాను. పక్కవాళ్ళు వింటారని. అనకుండా ఉండాల్సింది. తప్పు నాదే. ఎన్నాళ్ళనుంచో చెబుదామని..."

మంగతాయారు చేతిలో మునగరెమ్మ అలాగే ఉండిపోయింది. మొగుడి ముఖంలోకి కొత్తగా చూసింది.

"మీకు గుర్తుందా ఆ మాట?"

"మొన్నమొన్నటిదాకా లేదు. అదే నా ఏడుపు."

"ముప్పది సెకనులు గడిచినవి," అన్నారు కార్యదర్శి సిలిండర్ దగ్గర్నుంచి. "నిమిషము నిండిన ఎడల పేటికలను మూగవిగా పరిగణించవలసియుండును."

మంగతాయారు చాట పక్కన పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. ఒకసారి గొంతు సవరించుకుని, పాడటం మొదలెట్టింది.

గోదావరి లంకలో నావ కోసం ఎదురుచూసే పిల్ల పాట అది. మొదటి వరుసలో గొంతు బెరుకుగా తడుముకుంది, రెండో వరుసకి దారి దొరికింది. పద్దెనిమిదేళ్ళ గొంతు కాదు. అక్కడక్కడ జీర ఉంది. ఆ జీరతోనే పాట ఇల్లంతా నిండింది. చరణంలో ఒకచోట ఆమెకు దుఃఖం వచ్చి, గొంతు పూడుకుపోయి, ఆగి, ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకుంది. పక్కింటి కిటికీ రెక్కలు తెరుచుకున్న చప్పుడైంది. గవర్రాజు గోడకి ఆనుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకోకుండా విన్నాడు. ఇరవై ఆరేళ్ళు ఏం పోగొట్టుకున్నాడో అతనికి పూర్తిగా తెలిసొచ్చింది.

పాట అయిపోయింది. వంటింట్లో గంతలతో ముగ్గురూ కాసేపు చర్చించుకున్నారు.

"అంకెలు చెప్పవలసిన కంఠము పాట పాడినట్లున్నది," అన్నారు నాయకులు.

"పక్వానికొస్తే అలాగే పాడతాయి సార్," అన్నారు నిపుణులు. "అయితే సహజత్వం చాలలేదు. యంత్రం పాడుతున్నట్టు తెలిసిపోతోంది. నిజం మనిషి పాడితే ఇలా ఉండదు."

"ఎడమ పేటిక కన్న కుడిది కొంత వెనుకబడినది."

"చరణంలో ఒకచోట శబ్దం పూడుకుపోయింది. వైరు ఎక్కడో వదులుగా ఉంది."

"మధ్యలో ఊపిరి పీల్చిన చప్పుడు వినబడినది. పేటిక ఊపిరి పీల్చరాదు. తయారీ లోపముగా నమోదు చేయుడు."

కార్యదర్శి గంతలతోనే అన్నీ రాసుకున్నారు. కరెంటు వచ్చేలోపల వాళ్ళు కాఫీ తాగి, సంతకాలు పెట్టి, వెళ్ళిపోయారు. వీధి అరుగు మీంచి లేచిన సుదర్శనం గారు గవర్రాజు వైపు అదోలా చూసి, ఏదో అనబోయి, పట్టికలో పదం దొరక్క మానేశారు.

పది రోజులకు ఉత్తర్వు వచ్చింది. గవర్రాజు హాల్లో కూర్చుని మంగతాయారుకి చదివి వినిపించాడు.

'మొదటి పది శబ్దములు సంతృప్తికరము. పదకొండవ శబ్దము ఇంకను పక్వమునకు రాలేదు. కావున మిగిలిన శబ్దములను నిలిపివేసి, పదకొండవ శబ్దమును మాత్రము దినమునకు ఒక గంట చొప్పున మరి రెండు వందల గంటలు తప్పక వినవలెను. యజమాని స్వయముగా ఎదుట కూర్చుండి శ్రద్ధగా విని, ప్రతి దినము అనుభవము వ్రాయవలెను. ఈ ఉత్తర్వు ఉల్లంఘించుట తీవ్రముగా పరిగణింపబడును.'

"రెండొందల గంటలా!" అంది మంగతాయారు. "నేనింక పాడలేను బాబూ ఈ వయసులో. పైగా పొద్దున్నే మొదలెడితే పక్కవాళ్ళు..."

సగంలో ఆపేసింది. గవర్రాజు ఒళ్ళో ఉన్న ఆ రోజు పేపరు మడిచి, కుర్చీ కింద పడేశాడు. పైకి లేచి వీధి కిటికీ, పెరటి కిటికీ, వంటింటి కిటికీ మూడూ బార్లా తెరిచి వచ్చి, ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"వినాలి," అన్నాడు. "నేను సర్కారు నౌకర్ని. ఉత్తర్వు దాటలేను."

ఆ సాయంత్రం గంటసేపు పాట నడిచింది. రెండు స్పీకర్లూ చెరో పక్కా ఊరుకుని నిలబడ్డాయి. అయిపోయాక గవర్రాజు పుస్తకం తెరిచి, యజమాని అనుభవం అన్న గడి దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. ఆమోదిత పదాల పట్టిక పైనుంచి కిందికి వెతికాడు, కిందినుంచి పైకి వెతికాడు. పంపన సోమేశానికి ఆగిపోయిన ఇంక్రిమెంటు కూడా గుర్తొచ్చింది.

పట్టిక మడిచి అవతల పెట్టి, 'బాగుంది' అని రాసి సంతకం పెట్టాడు.